మారోవిండ్‌ను మళ్లీ ఆడాలనుకునేవారికి: మాడ్‌లను ఎంచుకునే పద్ధతి

2002 మే నెలలో విండోస్ కంప్యూటర్లకు విడుదలైన మారోవిండ్ అనే ఆటను నేటికీ కొత్తగా మొదలుపెట్టేవారు ఉన్నారు, ఎప్పుడో సగంలో వదిలేసి తీరిక దొరికాక మళ్లీ తెరిచేవారూ ఉన్నారు. బెథెస్డా సంస్థ ఆటతో పాటే కన్‌స్ట్రక్షన్ సెట్ అనే ఉపకరణాన్ని కూడా ఇవ్వడం వల్ల, కొత్త ఇళ్లు, ఆయుధాలు, ఊళ్లు, కథలు తామే తయారుచేసి ఆటలో చేర్చే అలవాటు ఆటగాళ్లకు మొదటి నుంచీ అబ్బింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ పని ఆగలేదు. అందువల్ల ఈ ఆటకు మాడ్‌లు, అంటే ఆటగాళ్లు చేసిన ఇలాంటి చేర్పులు, దొరకడం లేదని ఎవరూ బాధపడనక్కరలేదు. దొరికిన వేలాది మాడ్‌లలో ఏవి పెట్టుకోవాలి, ఏవి వదిలేయాలి అన్నదే చిక్కు.

నెక్సస్ మాడ్స్ సైటులో ఎక్కువ మంది దించుకున్నవాటిని వరుసగా తెచ్చి ఒకేసారి పెట్టేయడం చాలామంది చేసే పని. అలా చేసినప్పుడు ఆట ఒక చోట 2002 నాటిదిగా, మరొక చోట నిన్నటిదిగా కనిపిస్తుంది, నాలుగో ఊరు చేరేసరికి ఆగిపోతుంది, ఏది ఆపిందో తెలుసుకునే దారి కూడా ఉండదు. ఇక్కడ సూచిస్తున్న పద్ధతి వేరు. ఆట ఆడుతూ మీకు కలిగిన ఒక నిర్దిష్టమైన ఫిర్యాదుకు సమాధానంగా వచ్చిన మాడ్‌కే చోటివ్వాలి. ఏ ఫిర్యాదుకూ సమాధానం కాని మాడ్ ఎంత అందంగా ఉన్నా దానిని పక్కన పెట్టాలి.

మాడ్‌లు లేకుండా కొంత ఆట

ఫిర్యాదు కలగాలంటే ముందు ఆట ఆడాలి. సేడా నీన్ రేవులో ఓడ దిగి, బాల్మోరా చేరి, కైయస్ కొసేడెస్‌ను కలిసి, అతడు చెప్పిన మొదటి రెండు పనులు పూర్తిచేసే వరకు ఏ మార్పూ లేని ఆటను ఆడి చూడడం మంచిది. ఆడుతున్నప్పుడు విసుగు పుట్టించిన ప్రతి విషయాన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. తరువాత ఆ జాబితాను మూడుగా విడదీయాలి. ఆట ఆగిపోవడం, తెర వెడల్పు సరిగా కుదరకపోవడం, కొన్ని చోట్ల కదలిక తడబడడం వంటివి యంత్రానికి, పాత ప్రోగ్రామ్‌కు సంబంధించినవి. ఒక్కొక్క మొక్కనూ పెట్టెలా తెరిచి ఆకులు తీసుకోవలసి రావడం వంటివి తయారీలో మిగిలిపోయిన గరుకుదనం. దారి చూపే బాణం గుర్తు లేకపోవడం, నడక నెమ్మదిగా ఉండడం, మొదట్లో కత్తి తగలకపోవడం వంటివి ఆ ఆట స్వభావం. మొదటి రెండు రకాలకు మాడ్‌లు వెతకవచ్చు. మూడో రకం ఫిర్యాదుకు మాడ్ వెతికే ముందు, ఆట ఆ విషయంలో ఏం ఉద్దేశించిందో ఒకసారి చూడాలి.

కత్తి తగలకపోవడాన్నే తీసుకుందాం. ఈ ఆటను విడిచిపెట్టినవారిలో చాలామంది చెప్పే కారణం ఇదే, అందుకే ప్రతి దెబ్బా తగిలేలా చేసే మాడ్‌కు అంత గిరాకీ. ఆట లెక్క ఇలా ఉంటుంది: ఆయుధ నైపుణ్యానికి, చురుకుదనంలో అయిదో వంతును, అదృష్టంలో పదో వంతును కలిపి, ఆ మొత్తాన్ని అలసట బట్టి హెచ్చిస్తుంది. అలసటను చూపే ఆకుపచ్చ గీత నిండుగా ఉంటే 1.25తో, పూర్తిగా ఖాళీ అయితే 0.75తో. చురుకుదనం 40, అదృష్టం 40 ఉన్న పాత్ర, పాత్రను సృష్టించేటప్పుడు ఎంచుకోని కారణంగా 5 దగ్గరే ఉన్న నైపుణ్యంతో చిన్న కత్తి పట్టుకుంటే మొత్తం 17 అవుతుంది. అలసట లేనప్పుడు నూటికి సుమారు 21 దెబ్బలు, పరుగెత్తి అలసిపోయి వచ్చినప్పుడు సుమారు 13 దెబ్బలు తగిలే అవకాశం ఉంటుంది. ఎదుటివారు తప్పించుకునే శక్తిని ఇందులోంచి ఇంకా తీసివేయాలి. అదే పాత్ర ప్రధాన నైపుణ్యంగా ఎంచుకుని 30 దగ్గర మొదలైన ఆయుధంతో, నిలబడి ఊపిరి తీసుకుని కొడితే ఆ అవకాశం నూటికి 52 దాటుతుంది. ఆట మొదట్లో సుంకం కార్యాలయంలో బల్ల మీద కనిపించే కత్తిని అందరూ తీసుకుంటారు, కానీ ఆ కత్తి తమ పాత్రకు తగినదేనా అని కొందరే చూస్తారు. పరుగు ఆ ఆకుపచ్చ గీతను ఖర్చు చేస్తుందన్న సంగతి కూడా అంతే. ఈ రెండూ తెలిశాక కూడా పాచికల పద్ధతి నచ్చకపోతే మాడ్ పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ చాలామందికి అప్పటికి ఆ అవసరం తీరిపోయి ఉంటుంది.

నడక విషయమూ ఇలాంటిదే. ఊళ్ల మధ్య సిల్ట్ స్ట్రైడర్లు అనే పెద్ద పురుగు వాహనాలు, పడవలు తిరుగుతాయి, మాంత్రికుల సంఘాలు ఒక ఊరి నుంచి మరొక ఊరికి క్షణంలో పంపుతాయి, మార్క్, రికాల్ మంత్రాలతో గుర్తుపెట్టిన చోటికి తిరిగి రావచ్చు, దేవాలయానికి లేదా సామ్రాజ్య పూజాస్థలానికి చేర్చే మంత్రాలు రెండున్నాయి. దారిలో ఎదురయ్యే ఒక స్త్రీ ఇచ్చే బూట్లు వేసుకుంటే వేగం 200 పెరుగుతుంది, కాకపోతే కళ్లు కనబడవు. ఆ అంధత్వాన్ని మంత్ర నిరోధంతో తగ్గించుకోవచ్చని కనిపెట్టడమే ఈ ఆటలోని సరదా. పటం మీద నొక్కగానే ఎక్కడికైనా చేర్చే మాడ్ ఈ ఏర్పాటునంతా ఒక్క దెబ్బతో పనికిరానిదిగా మారుస్తుంది. నా మటుకు నేను దానిని ఎవరికీ సిఫారసు చేయను.

ఇంజిన్ ఎంపిక

ఫిర్యాదుల జాబితా తయారయ్యాక తీసుకోవలసిన మొదటి నిర్ణయం మాడ్ గురించి కాదు, ఆటను ఏ ఇంజిన్ (ఆటను నడిపే మూల ప్రోగ్రామ్) మీద నడపాలన్నది. ఈ నిర్ణయం మీద మిగిలినవన్నీ ఆధారపడతాయి కనుక, దీనిని తరువాత మార్చుకుంటే చేసిన పనిలో సగం వృథా అవుతుంది.

మొదటి దారి బెథెస్డా ఇచ్చిన అసలు ప్రోగ్రామ్‌నే ఉంచి, దానికి మరమ్మతులు చేయడం. ఇందుకు మూడు ఉపకరణాలు కావాలి. మారోవిండ్ కోడ్ ప్యాచ్ ఆట ప్రోగ్రామ్ ఫైలునే సరిచేసి, ఏ మాడ్ ద్వారానూ సరిచేయలేని లోపాలను తొలగిస్తుంది. దానిని నడిపినప్పుడు కనిపించే పొడవైన జాబితాలో ముందే ఎంపికై ఉన్నవాటిని అలాగే ఉంచి, ఆట తీరును మార్చే మిగిలిన వాటిని అర్థమైతేనే ఎంచుకోవాలి. ఎంజీఈ ఎక్స్‌ఈ దూరపు దృశ్యాలను, వెలుగునీడలను మలిచే షేడర్లను, వెడల్పు తెరలను చూసుకుంటుంది. ఎమ్‌డబ్ల్యూఎస్‌ఈ అనే స్క్రిప్ట్ విస్తరణి లువా భాషలో రాసిన కొత్త తరం మాడ్‌లకు దారి తెరుస్తుంది. జాబితాలను, సామాను కిటికీలను మెరుగుపరిచే యూఐ ఎక్స్‌పాన్షన్, చలి, ఆకలి, దాహం చేర్చే యాష్‌ఫాల్ వంటివి ఈ మూడోది లేకుండా నడవవు.

రెండో దారి ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ. ఇది స్వచ్ఛంద కార్యకర్తలు మొదటి నుంచి కొత్తగా రాసిన ఉచిత ఇంజిన్. ఆట బొమ్మలు, శబ్దాలు, సంభాషణలు ఇందులో ఉండవు కనుక స్టీమ్‌లోనో జీఓజీలోనో కొన్న ఆట మీ దగ్గర ఉండాలి. విండోస్‌తో పాటు లినక్స్, మాక్ మీద కూడా నడుస్తుంది. అసలు ఇంజిన్ 255 ప్లగిన్ల (మాడ్ చేర్పులను ఆటకు అందించే ఫైళ్ల) వద్ద ఆగిపోతుంది, దీనికి ఆ పరిమితి లేదు. ఊరి మధ్యలో ఆట ఉన్నట్టుండి మూసుకుపోవడం ఇందులో అరుదు. 2023లో వచ్చిన 0.48 వెర్షన్ నుంచి దీనికి సొంత షేడర్లు, సొంత లువా వ్యవస్థ కూడా ఉన్నాయి. అయితే అది ఎమ్‌డబ్ల్యూఎస్‌ఈ లువా కాదు. రెండూ ఒకే భాష వాడినా, ఒకదాని కోసం రాసిన మాడ్ మరొకదానిలో పనిచేయదు. కోడ్ ప్యాచ్, ఎంజీఈ ఎక్స్‌ఈ కూడా ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూతో కలవవు, వాటి పనిలో ఎక్కువ భాగాన్ని అది తనలోనే చేసేసుకుంటుంది.

ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగా ఉంటుంది. ఆట స్థిరంగా నడవాలి, కొద్దిగా బాగుపడాలి, అంతే చాలు అనుకునేవారికి ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ సరిపోతుంది. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో కాలేజీ చదువు కోసం కొన్న, విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్ మీద ఆడేవారు రెండో ఆలోచన లేకుండా దీనితోనే మొదలుపెట్టవచ్చు. పైన చెప్పిన యాష్‌ఫాల్ వంటి మాడ్ ఒకటి తప్పనిసరిగా కావాలని మనసు పడినవారు మాత్రం అసలు ఇంజిన్ దారి పట్టాలి. అంటే కావలసిన మాడ్ ఏ ఇంజిన్‌ను అడుగుతుందో ముందే చదవాలి. నెక్సస్‌లో ప్రతి మాడ్ పుటలోనూ దానికి ముందస్తుగా కావలసినవి ఏవో చెప్పే భాగం ఉంటుంది. ఎమ్‌డబ్ల్యూఎస్‌ఈ పేరు అక్కడ కనిపిస్తే ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ వాడేవారు ఆ పుటను మూసేయవచ్చు.

ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకూడదు. అక్కడి ఫైళ్లను మార్చడానికి విండోస్ అడ్డుపడుతుంది. వేరే డ్రైవులో ఒక మామూలు ఫోల్డర్‌లో పెట్టి, ఏ మార్పూ చేయకముందే ఆ ఫోల్డర్‌కు పూర్తి నకలు తీసి పక్కన ఉంచుకోవాలి. ఈ ఆట ఈనాటి కొలతల్లో చాలా చిన్నది, నకలు పెద్ద చోటేమీ తీసుకోదు.

లోపాల సవరణ

ఇంజిన్ తరువాత వచ్చేవి కంటికి కనిపించని మాడ్‌లు. ఎవరి అభిరుచితోనూ పనిలేకుండా అందరూ పెట్టుకోదగినవి నా దృష్టిలో ఇవే. ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్ అనేది సంభాషణల్లో, పనుల్లో, వస్తువుల్లో మిగిలిపోయిన తప్పులను సరిచేస్తూ, తయారీదారుల ఉద్దేశాన్ని మాత్రం మార్చకుండా జాగ్రత్తపడుతుంది. పాత సవరణ మాడ్‌లు కొన్ని లోపాలతో పాటు తమకు నచ్చని విషయాలను కూడా మార్చేవి కనుక, ఈ తేడా ముఖ్యమైనది. మారోవిండ్ ఆప్టిమైజేషన్ ప్యాచ్ వస్తువుల ఆకారాలను చెప్పే మెష్ ఫైళ్లను శుభ్రం చేసి, యంత్రం మీద భారాన్ని తగ్గిస్తుంది. ఈ రెండూ రెండు ఇంజిన్లలోనూ పనిచేస్తాయి. బాల్మోరా, వివెక్ వంటి చోట్ల ఆట నత్తనడక నడిస్తే ప్రాజెక్ట్ అట్లాస్‌ను కూడా చేర్చుకోవచ్చు. అది విడివిడిగా ఉన్న అనేక టెక్స్చర్లను, అంటే వస్తువుల పైపూత బొమ్మలను, ఒకే పెద్ద బొమ్మలో చేర్చి, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఆదేశాల సంఖ్యను తగ్గిస్తుంది. ఈ ఆటకు పాత రోజుల నుంచీ ఉన్న అసలైన అడ్డంకి ఆకారాలను కూర్చే బహుభుజుల సంఖ్య కాదు, ఆ ఆదేశాల సంఖ్యే.

ఈ కోవలోనే మరొకటి చెప్పాలి. 2002 నవంబరులో వచ్చిన ట్రిబ్యునల్ అనుబంధం ఇప్పుడు ఆటతో కలిపే అమ్ముతున్నందువల్ల, మొదటి స్థాయిలో ఉన్న పాత్ర నిద్రపోగానే హంతకులు వచ్చి మీద పడతారు. విడిగా అమ్మిన రోజుల్లో, ఆటలో చాలా దూరం వచ్చినవారు ఆ అనుబంధాన్ని కొనేవారు కనుక అది సబబుగానే ఉండేది. ఇప్పుడు అది కథను పాడుచేస్తుంది. పైగా ఆ హంతకుల కవచాలు అమ్ముకుని మొదటి వారంలోనే ధనవంతులు కావచ్చు! ఈ దాడులను కథ కొంత ముందుకు సాగే వరకు వాయిదా వేసే చిన్న మాడ్‌లు ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి పెట్టుకోవాలి.

ఆడే తీరులో సౌకర్యాలు

ఇక్కడ తక్కువ చేస్తే ఎక్కువ సుఖం. మొక్క మీద నొక్కగానే ఆకులు చేతికి వచ్చి, కోసిన మొక్క కోసినట్టు కనిపించేలా చేసే గ్రాఫిక్ హెర్బలిజం ఒక్కటి పెట్టుకుంటే ఔషధాలు తయారుచేసే పాత్రలకు గంటల శ్రమ తప్పుతుంది. ఆకాశం నుంచి ఎడతెగకుండా వెంటపడే క్లిఫ్ రేసర్ల సంఖ్యను తగ్గించే మాడ్‌లు కూడా చాలా ఉన్నాయి. వాటిని పూర్తిగా తీసేసేది కాకుండా కొంత తగ్గించేదాన్ని ఎంచుకుంటే బయటి ప్రయాణాల్లో ప్రమాదం మిగులుతుంది.

దారి చూపే బాణాలను చేర్చే మాడ్‌ల విషయంలో మాత్రం ఆచితూచి అడుగు వేయాలి. బాల్మోరాలో మొదటి పనిగా ఆర్క్‌న్‌థాండ్ శిథిలాలకు వెళ్లి ఒక పెట్టెను తెమ్మన్నప్పుడు, ఏ దిక్కున నడవాలో, ఏ వంతెన దాటాలో పాత్రలు మాటల్లోనే చెబుతాయి. ఆ మాటలు విని, పుస్తకంలో మళ్లీ చదివి, కొండను చూసి గుర్తుపట్టడం కోసమే ఈ దీవిని అలా గీశారు. బాణం వచ్చాక ఆ మాటలను ఎవరూ చదవరు. ఒకవేళ దారులు నిజంగా విసుగు పుట్టిస్తే, తప్పుగా చెప్పిన కొన్ని దిక్కులను ప్యాచ్ ఫర్ ప్యూరిస్ట్స్ వంటివి సవరించాయన్న సంగతి గుర్తుంచుకుని ఇంకొన్ని రోజులు ఆగి చూడడం మేలు.

కంటికి కనిపించే మార్పులు

అందం దగ్గరే చేతులు హద్దు దాటుతాయి కనుక కొంచెం లెక్క అవసరం. ఆటలోని అసలు టెక్స్చర్లలో ఎక్కువ భాగం ఒక్కో వైపు 256 పిక్సెళ్లు లేదా అంతకంటే తక్కువ. వాటిని ఒక్కో వైపు నాలుగు రెట్లు పెంచి 1024కు తెస్తే పిక్సెళ్లు పదహారు రెట్లు అవుతాయి. 4096కు తెస్తే 256 రెట్లు అవుతాయి. కుదించి నిల్వచేసినా ఒక 4096 టెక్స్చర్ గ్రాఫిక్స్ జ్ఞాపకశక్తిలో 16 మెగాబైట్లు తీసుకుంటుంది, దూరానికి వాడే చిన్న ప్రతులను కలిపితే 21 దాటుతుంది. ఒక ఊళ్లో అలాంటివి వందలు ఉంటాయి. గోడ మీద ముక్కు ఆనించి చూసేవారికి తప్ప 1024కు, 4096కు తేడా తెలియదు, లాప్‌టాప్‌కు మాత్రం తెలుస్తుంది. అందువల్ల 1024 దగ్గర ఆగడం నా సలహా.

కొలత కంటే ముఖ్యమైనది ఒకే చేతి పని కావడం. ఇళ్లకు ఒకరి టెక్స్చర్లు, నేలకు మరొకరివి, కవచాలకు ఇంకొకరివి పెడితే ఆట అతుకుల బొంతలా తయారవుతుంది. అసలు బొమ్మలనే యంత్రం సహాయంతో పెద్దవి చేసిన ఇంటెలిజెంట్ టెక్స్చర్స్ వంటి సంకలనం మొత్తం ఆటకు ఒకేసారి వర్తిస్తుంది. రంగులు, గుర్తులు 2002 నాటివే ఉంటాయి, మసక మాత్రం పోతుంది. అలాంటి ఒక సంకలనాన్ని పునాదిగా పెట్టి, దానిమీద మీకు నచ్చని ఒకటి రెండు వస్తువులను మాత్రమే మార్చుకోవాలి. ఎత్తుపల్లాలను చూపే నార్మల్ మ్యాపులు ఉన్న టెక్స్చర్లు ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ కోసం తయారైనవి, అసలు ఇంజిన్ వాటిని సరిగా చూపలేదు. మాడ్ పుటల్లోని చిత్రాలను చూసి మోసపోకూడదు. చాలాసార్లు ఆ వెలుగు, ఆ పొగమంచు వేరే షేడర్ పుణ్యమే, ఆ మాడ్‌లో ఉన్నవి కావు.

ముఖాలను, శరీరాలను మార్చే మాడ్‌లను చివరికి వాయిదా వేయడం మంచిది. అసలు ఆటలో శరీరం ముక్కలు ముక్కలుగా అమర్చినట్టు కనిపిస్తుందన్నది నిజమే, బెటర్ బాడీస్ అనే మాడ్ వచ్చింది అందుకే. అయితే చాలా ముఖాల మాడ్‌లు డన్మర్ జాతివారి ఎముకలు తేలిన, ముడతలు పడిన కఠినమైన రూపాన్ని తీసేసి సినిమా తారల ముఖాలు పెడతాయి. బూడిద వానలు కురిసే దేశంలో అందరూ ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఉండడం నాకు ఎబ్బెట్టుగా అనిపిస్తుంది.

దూరపు దృశ్యం మీద నాకు కొంత గట్టి అభిప్రాయమే ఉంది. రెండు ఇంజిన్లలోనూ ఇప్పుడు దీవిని ఒక కొస నుంచి మరో కొస వరకు చూపవచ్చు. కానీ ఆట జరిగే వార్డెన్‌ఫెల్ నిజానికి చిన్న దీవి. అసలు ఆటలో కొద్ది దూరంలోనే దారిని మింగేసే పొగమంచు, నెమ్మదైన నడక కలిసి దానిని పెద్ద దేశంలా నమ్మించాయి. హద్దులన్నీ తెరిస్తే, రెండు రోజుల ప్రయాణం అనుకున్న వివెక్ నగరం సేడా నీన్ దాటగానే పక్క వీధిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మొత్తం మూసేస్తే ఈనాటి కంటికి ఊపిరాడదు. కాబట్టి దూరాన్ని మధ్యస్థంగా ఉంచి, కొండల ఆకారాలు మాత్రం మసకగా తెలిసేలా పొగమంచును పెంచుకోవాలి. ఇందుకు ఏ మాడ్ అక్కరలేదు, అమరికల్లో రెండు అంకెలు మారిస్తే చాలు.

గడ్డి మాడ్ పెట్టేవారికి ఒక హెచ్చరిక. గడ్డి ప్లగిన్‌ను మిగిలిన ప్లగిన్ల లాగా జాబితాలో టిక్ చేయకూడదు. అలా చేస్తే ప్రతి గడ్డి దుబ్బూ గట్టి వస్తువై మీ పాత్ర దానికి తగులుకుని ఆగిపోతుంది. అసలు ఇంజిన్ వాడేవారు దానిని ఎంజీఈ ఎక్స్‌ఈలో దూరపు దృశ్యాలను తయారుచేసేటప్పుడు మాత్రమే ఎంచుకోవాలి. ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ వాడేవారు అమరికల ఫైలులో గ్రౌండ్‌కవర్ అనే వరుస కింద చేర్చాలి.

కొత్త నేల

కొత్త పనులు, కొత్త ఊళ్లు చేర్చే మాడ్‌లలో నేను అనుమానం లేకుండా చెప్పేది టామ్రియెల్ రీబిల్ట్. ఆట విడుదల కాకముందే, 2001లో, మొదలైన ఈ స్వచ్ఛంద పథకం, ఆటలో లేని మారోవిండ్ ప్రధాన భూభాగాన్ని భాగాలుగా నిర్మిస్తూ విడుదల చేస్తోంది. ఓల్డ్ ఎబన్‌హార్ట్, ఆల్మాస్ థిర్ వంటి నగరాలతో, వందలాది పనులతో, అసలు ఆట రచనాశైలికి తగ్గట్టుగా ఉంటుంది. దీనికి టామ్రియెల్ డేటా అనే ఉమ్మడి వస్తువుల సంకలనం కూడా కావాలి. పని దాదాపు అంతా దీవి బయటే కనుక ఇతర మాడ్‌లతో గొడవ తక్కువ, పడవ ఎక్కి అటు వెళ్లే వరకు అది ఉన్నట్టే తెలియదు.

దీవి లోపలి ఊళ్లను పెద్దవి చేసే మాడ్‌లు అలా కావు. బాల్మోరాను విస్తరించే మాడ్, బాల్మోరాలో ఇల్లు చేర్చే మాడ్, బాల్మోరా చుట్టూ చెట్లు నాటే మాడ్ మూడూ ఒకే నేల ముక్కను మారుస్తాయి. ఇంట్లోంచి చెట్టు మొలవడం, తలుపు కొండలో కూరుకుపోవడం అప్పుడే జరుగుతాయి. ఒక ఊరికి ఒకే మాడ్ అన్న నియమం పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అమర్చడం, పరీక్షించడం

ప్రతి మాడ్‌నూ విడి ఫోల్డర్‌లో ఉంచాలి, ఆట ఫైళ్ల మీద నేరుగా పోయకూడదు. అసలు ఇంజిన్‌కు మాడ్ ఆర్గనైజర్ 2 ఆ పని చేస్తుంది. ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూలో అయితే లాంచర్‌లోనే ఫోల్డర్లను వరుసగా చేర్చవచ్చు, వరుసలో తరువాత ఉన్నది ముందున్నదానిని కప్పేస్తుంది. ప్లగిన్ల వరుస వేరే సంగతి. అసలు ఇంజిన్ ప్లగిన్ ఫైళ్లను అవి చివరగా మారిన తేదీ ప్రకారం చదువుతుంది. ఆ వరుసను సరిచేయడానికి ఎమ్‌లాక్స్ అనే ఉపకరణం సహాయపడుతుంది. ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూలో మౌస్‌తో పట్టి పైకి, కిందికి జరపవచ్చు.

రెండు మాడ్‌లు ఒకే రకం శత్రువుల జాబితాకో, సంతలో దొరికే వస్తువుల జాబితాకో చేర్పులు చేస్తే, చివర చదివినదే నిలుస్తుంది, మొదటిది పెట్టినవి ఆటలో ఎక్కడా కనిపించవు. మాడ్ పెట్టాను, దాని కత్తులు ఎక్కడా దొరకడం లేదన్న ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే మూలం. అసలు ఇంజిన్‌కు టీఈఎస్3సీఎమ్‌డీతో, ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూకు డెల్టాప్లగిన్‌తో ఆ జాబితాలను కలిపిన ఒక ప్లగిన్‌ను తయారుచేసి అన్నింటికంటే చివర ఉంచాలి. మాడ్‌లను మార్చిన ప్రతిసారీ దానిని మళ్లీ తయారుచేయాలి.

మాడ్‌లను రెండు మూడింటి చొప్పున చేర్చి, ప్రతి విడతకూ ఆట తెరిచి చూడాలి. సేడా నీన్ నుంచి బాల్మోరా వరకు నడిచి, ఒక ఇంట్లోకి వెళ్లి వచ్చి, సేవ్ చేసి, తిరిగి తెరిస్తే చాలు. పెద్ద పసుపురంగు ఆశ్చర్యార్థక గుర్తు ఎక్కడైనా నిలబడి ఉంటే అక్కడ ఉండవలసిన మెష్ ఫైలు లేదని అర్థం. చాలాసార్లు ముందస్తుగా కావలసిన ఏదో సంకలనం మరిచిపోయి ఉంటారు. అసలు ఇంజిన్ తన ఫిర్యాదులను ఆట ఫోల్డర్‌లోని వార్నింగ్స్ ఫైలులో, ఓపెన్‌ఎమ్‌డబ్ల్యూ తన లాగ్ ఫైలులో రాస్తుంది. ఏ ఫైలు దొరకలేదో ఆ పేరే అక్కడ ఉంటుంది కనుక ఊహించుకోవలసిన పని లేదు.

ఈ పరీక్షకు వాడిన పాత్రను చివరకు చెరిపేసి, కొత్త పాత్రతో అసలు ఆట మొదలుపెట్టాలి. అప్పటి నుంచి జాబితాను కదపకూడదు. టెక్స్చర్లు, మెష్‌లు మాత్రమే ఉన్న మాడ్‌లను ఎప్పుడైనా తీయవచ్చు, చేర్చవచ్చు, అవి సేవ్ ఫైలులోకి వెళ్లవు. ప్లగిన్ ఉన్నవి, ముఖ్యంగా స్క్రిప్టులు నడిపేవి, సేవ్‌లో తమ ఆనవాళ్లు వదులుతాయి కనుక ఆట మధ్యలో వాటిని పీకేయకూడదు. ఆడుతూ ఉండగా ఏదైనా కొత్త మాడ్ కంటపడితే దాని పేరును మొదట ఫిర్యాదులు రాసుకున్న కాగితం వెనుక రాసిపెట్టి, తరువాతి పాత్ర సృష్టించే రోజున తీసి చూసుకోవచ్చు.